అయిదు లొట్ల పరీక్ష
(ఒక వ్యవసాయ ప్రదర్శకుడు)



మనము వరి విత్తనమును కొనునప్పుడు గింజలను అరచేత పోసికొని చూతుము. తాలెంత, గట్టియెంత యని ఊది చూతుము. పంటితో కొఱికి చూతుము. ఎద్దును కొనునప్పుడు పండ్లు లెక్కించి, నాలుగడుగులు నడిపించి చూడనిదే పైకము చెల్లింపము. బెల్లము కొనునప్పుడు చిన్న పెళ్ళను విఱిచి నోట వేసికొందుము. కాని దినదినము కడుపులోనికి పోవు కల్లును మాత్రము, ఎవరు పోసిన దానిని వారి చేతినుండి అందికొని, ఏ పరీక్షయు లేక త్రాగుచున్నాము. ఇది ఏ చెట్టుది, ఏ జామున దించినది, ఏ లొట్టిలో నిలిచినది అని అడుగువారు మన చేగుంట ప్రాంతమున మిక్కిలి అరుదు.

ఎరువులనుగూర్చియు తెగుళ్ళనుగూర్చియు వ్రాయవలసిన ప్రదర్శకుడు కల్లునుగూర్చి వ్రాయుట యేమని కొందఱు అడుగవచ్చును. అదియు నేను మెదకు మిషను బడిలో చదువుకొన్నవాడను. మత్తు పదార్థము ముట్టనని పిన్నవయసున అందఱితోపాటు చేయెత్తి ప్రతిజ్ఞ చేసినవాడను. ఈ నాటికిని నేను కల్లు త్రాగువాడను కాను. అయినను రుచి చూచి ఉమియుట వేఱు, త్రాగుట వేఱు. తాటిచెట్టును ఈతచెట్టును మన గట్లమీద పెరుగు పంటలే. వాటి రసము పంటసొమ్మే. కానా యను ఊరి పెండ్లిలో విందు ప్రధాని, ద్రాక్షారసము ఎచటనుండి వచ్చెనో తెలియకయే రుచి చూచి దాని మేలిమిని చెప్పెనని మేము బడిలో చదువుకొంటిమి. ఆ విద్యయే మనకు కావలసినది.

ఈ వ్యాసమునకు కారణమైన సంగతి చెప్పెదను. మన సంఘ సభ్యుని కుమారుడొకడు జపాను దేశమున ఉద్యోగము చేయుచు, సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చుచు రెండు చిన్న సీసాలను తెచ్చెను. అవి సాకే యను పానీయము. సాకే వరిబియ్యముతో చేయబడునని వినగానే మన పెద్దలకు ఆసక్తి కలిగెను. నాగలి పట్టిన చేతులకు వరి యన్న చాలును గదా! నలుగురైదుగురము ఒక సాయంకాలము వారి యింటి అరుగుపై కూర్చుండి చూచితిమి.

బియ్యములో తీపి లేదు, ఉన్నది పిండి. పిండి నేరుగా పులిసి సారము కానేరదు. అందుచేత జపానువారు ఉడికిన బియ్యముపై కోజి యను ఒకజాతి బూజును పెంచుదురు. ఆ బూజు పిండిని చక్కెరగా మార్చుచుండగా, అదే తొట్టిలో మడ్డి యందలి సూక్ష్మజీవులు ఆ చక్కెరను సారముగా మార్చుచుండును. రెండు పనులును ఒక్కసారిగనే జరుగుట దాని విశేషము. తుదకు తయారగు సాకేలో నూటికి 15, 16 పాళ్ళు సారముండును. మన కల్లులో సాధారణముగా అంతకన్న చాల తక్కువ యుండును.

గింజ పైభాగమున మాంసకృత్తులును క్రొవ్వును హెచ్చు. నడుమ పిండి హెచ్చు. గింజను ఎంతగా అరగదీసిన అంతగా వాసన సున్నితమగును. అందుచేత అరగదీసిన పాళ్ళనుబట్టియే వారు పేరు పెట్టుదురు. గింజలో నూటికి 60 పాళ్ళు గాని అంతకు తక్కువ గాని మిగులునట్లు అరగదీసినది గింజో. 50 పాళ్ళు గాని అంతకు తక్కువ గాని మిగిలినది దైగింజో. పైనుండి సారము కలుపక బియ్యము, నీరు, కోజి, పులియబెట్టు మడ్డి వీనితోనే చేసినది జున్మై. ఇందుకై ప్రత్యేకముగా పెంచు వరి రకములును ఉన్నవి. వానిలో 1936 లో నామకరణము జరిగిన యమద నిషికి ప్రసిద్ధమైనది. నీటి భేదమును వారు విడువలేదు. నాద యను ప్రాంతపు నీరు గట్టిది గనుక అచటి సాకే కఱకుగా నుండుననియు, ఫుషిమి నీరు మెత్తనిది గనుక అచటిది మృదువుగా నుండుననియు చెప్పుదురు. ఒక బావి నీట పప్పు ఉడుకును, వేఱొక బావి నీట ఉడుకదని మన ఇల్లాండ్రు చెప్పునట్టిదే యిది.

రెండు సీసాలును జున్మైలే. ఒకటి మామూలుది, రెండవది గింజో తరగతిది. మొదటిది వేడి అన్నపు గంజివలె వాసన కలిగి నాలుకపై నిండుగా నిలిచెను. రెండవది మాగిన అరటిపండు వాసన నిచ్చి, నీటివలె జాఱిపోయెను. వానిలో పండు ఏమియు కలుపలేదనియు, చల్లని స్థలమున మెల్లగా పులియుటచేతనే ఆ వాసన పుట్టుననియు ఆ అబ్బాయి చెప్పెను. పిమ్మట సీసాపై అంటించిన కాగితమును చదివి, ఏ బియ్యము, ఎంత అరగదీసినది, సారమెంత, ఏ నెలలో తయారైనది అన్నియు వినిపించెను. అప్పుడు మాలో పెద్దవాడైన ఒక రైతు, ‘‘బిడ్డా, మన లొట్టిమీద గూడ ఇట్ల వ్రాసియుంటే ఏమి చదువుతువు?’’ అని అడిగెను. ఎవరును జవాబు చెప్పలేదు. కాగితము లేనిచోట నాలుకయే చదువవలెనని నాకు తోచెను.

మాఘమాసపు చివరి దినములలో పరీక్షకు ఏర్పాటు చేసితిమి. ఆ సమయమున ఈతచెట్లు పాఱుట ఇంకను ముగియలేదు; తాళ్ళు అప్పుడప్పుడే ప్రారంభమైనవి. కనుక రెండును ఒక్కచోట దొరకును. మన గౌడన్న చీకటితోనే మోకు ముత్తాదు తగిలించుకొని పోయి, నాలుగు లొట్లు తెచ్చి చెఱువుకట్టపై మఱ్ఱిక్రింద దించెను. ఆ అబ్బాయి వానికి అంకెలు వేసి, ఏది ఏదో గౌడన్నకు తప్ప మాకెవరికిని తెలియకుండ వరుస మార్చి పెట్టెను. జపానులో రుచి చూచుటకు తెల్లని పింగాణి గిన్నె అడుగున నీలిరంగు వలయములు వేసి వాడుదురట. తెలుపుపై రంగును, నీలిపై తేటను కనిపెట్టవచ్చును. మేము తెల్లని పింగాణి కప్పులు తెచ్చుకొంటిమి. తాటిరేకలో త్రాగుట సొంపుగా నుండునే కాని ఆకువాసన కలియును గనుక పరీక్షకు పనికిరాదు.

మొదటిది ఈత నీరా. లొట్టికి లోపల సున్నము పూసి కట్టినందున రాత్రియంతయు పులియక నిలిచినది. రంగు తేట, తీపి నిండుగా నున్నను చెఱకురసమువలె వెగటు పుట్టించలేదు. చివర సున్నపు రుచి కొంచెము తగిలెను. రెండవది అదే వరుసలోని ఈతచెట్టుది, సున్నము లేనిది. తెల్లవాఱునప్పటికే తెల్లబడి, పలుచని నురుగు కట్టి, తీపితోపాటు సన్నని పులుపు పుట్టెను. దీనిలో పచ్చి ఖర్జూరపు వాసన చక్కగా తెలియును. మూడవది పోతుతాడుది, ఆ ఉదయమే దించినది. ఈతకన్న వాసన బలము, చిక్కదనము హెచ్చు. నాలుక ప్రక్కలను కొంచెము పొడిచినట్లుండెను. నాలుగవది ఆ పోతుతాడుదే కాని ముందటి సాయంకాలము దించి ఉంచినది. తీపి దాదాపుగా పోయినది. పులుపును ఘాటును మిగిలినవి. ముక్కు దగ్గఱకు తేగానే సిరకా గుర్తునకు వచ్చెను. మూడవదియు నాలుగవదియు ఒక్క చెట్టు రసమేయని చెప్పినప్పుడు ఇద్దఱు నమ్మలేదు.

చెట్టు భేదముకన్న జాము భేదము పెద్దదని దీనివలన తెలిసెను. రసము చెట్టునుండి కారునప్పుడు అది కేవలము తీయని నీరు. గాలిలోను లొట్టిలోను ఉండు సూక్ష్మజీవులు వెంటనే పని మొదలుపెట్టి చక్కెరను సారముగాను, పిమ్మట పులుపుగాను మార్చును. పాత లొట్టిలో నిన్నటి మడ్డి అంటియున్న యెడల తోడు వేసిన పాలవలె మఱింత త్వరపడును. చలిరాత్రి ఈ పని మెల్లగా సాగును, ఎండకాలమున పరుగెత్తును. ఈతకల్లు చలికాలమున మేలని పెద్దలు చెప్పుటకు ఇదియొక కారణము. లొట్టిని రోజు విడిచి రోజైనను కడిగి పొగబెట్టి ఎండబెట్టు గౌడన్న కల్లును, కడుగనివాని కల్లును కండ్లు మూసికొని వేఱు చేయవచ్చును.

వేసవిలో పండుతాడు కల్లును గూడ వేఱుగా చూచితిమి. తాళ్ళలో ఆడు మగ చెట్లు వేఱువేఱు. పోతుచెట్టు పూగెలలను కట్టి, కొయ్యతో నొక్కి, కత్తితో పలుచగా చెక్కగా రసము కారును. ఆడుచెట్టుకు కాయలు పట్టు గెలను అట్లే గీయుదురు. మా నాలుకలకు పండుతాడుది మఱింత చిక్కగాను, తీపి నిలుకడగాను తోచెను. ఒక పెద్దాయన మాత్రము పోతుతాడే మేలనెను. రుచి విషయమున వాదింపరాదు. ఈతచెట్టు గీత వేఱు విధము. ఒకప్రక్క మట్టలు తీసి మొవ్వు దగ్గఱ కాండమును చెక్కుదురు. మఱుసటి యేడు ఎదుటిప్రక్క. అందుచేతనే పాత ఈతచెట్టు మెట్లు మెట్లుగా కనబడును. లోతుగా చెక్కి, విశ్రాంతి ఈయక గీచిన చెట్టు రసము పలుచబడుటయే కాక చెట్టే చచ్చును. ఈత అయిదాఱేండ్లలో గీతకు వచ్చును. తాటికి పండ్రెండు మొదలు ఇరువది ఏండ్లు పట్టును. గట్టు వెడల్పు చేయుటకై తాటిని నఱుకువారు ఈ లెక్కను మనసున ఉంచుకొనవలెను.

ఇక అయిదవ లొట్టి సంగతి. గౌడన్న తెచ్చినవి నాలుగే. కాని ఆ అబ్బాయి నాతో కూడబలుకుకొని, వేఱొక ఊరి దుకాణమునుండి ఒక సీసా తెప్పించి, లొట్టిలో పోసి వరుసలో పెట్టెను. ఆ ఊరి పేరు ఇచట అనవసరము. ఇది మేము చేసిన తప్పు. ఏమి కలిసినదో తెలియనిదానిని తెలియనివారికి ఈయరాదు. ఉమియుడని చెప్పితిమే కాని అందఱును ఉమియలేదు. ఆ ముచ్చటను దాచక వ్రాయుచున్నాను.

ఫలిత మేమనగా, అయిదుగురిలో ముగ్గురు అన్నిటికన్న ఆ అయిదవదే బాగున్నదనిరి! ‘‘ఇదీ కల్లంటే! తియ్యగ నున్నది, తెల్లగ నున్నది’’ అని ఒకాయన రెండవ కప్పు గూడ మ్రింగి, మధ్యాహ్నము దాటువఱకు ఆ మఱ్ఱిక్రిందనే నిద్రించెను. లేచినపిమ్మట మాట తడబడెను. మాకు గుండె దడదడలాడెను. గౌడన్న ఒక్కడే దానిని ముక్కు దగ్గఱ పెట్టుకొని, నోటికి తాకింపకయే క్రింద పెట్టి, ‘‘ఇది చెట్టుది కాదు సారూ’’ అనెను. ఎట్లు తెలిసెనని అడిగితిని. ‘‘దీనికి చెట్టు వాసనే లేదు, పులిసిన వాసన గూడ లేదు. మఱి నురుగెందుకు?’’ అనెను. అంతకు మించి మాటలు లేవు.

దానిని నేను నాలుకపై నిలిపి చూచితిని. తీపి ముందుగా తగులదు. ఆలస్యముగా వచ్చి విడువక నిలుచును. వెనుకవైపున ఇనుమువంటి చేదు మిగులును. ఇది సాకరిను లక్షణము. చెట్టు తీపి వెంటనే వచ్చి, పులుపుతో కలిసి, వెంటనే పోవును. సాకరినుకన్న భయంకరమైనవి రుచికి అందనివి. కల్తీకల్లులో క్లోరల్ హైడ్రేటు, డయజిపామ్, ఆల్ప్రజోలమ్ అను నిద్రమందులు కలుపుట తెలంగాణమున పలుమాఱు పట్టుబడినది. నిజమైన కల్లులో సారము తక్కువ గనుక, నీళ్ళు కలిపిన పిమ్మట మత్తు చాలదు. ఆ లోటును మందు పూరించును. అందఱికిని నచ్చినది అదియే యగుటలో వింత యేమియు లేదు. ఏండ్ల తరబడి అదే రుచికి అలవాటు పడిన నాలుకకు చెట్టు కల్లే కల్తీగా తోచును.

ఈ విషయమున జరిగినవి మఱువదగినవి కావు. 2015 సెప్టెంబరులో అధికారులు కల్తీని అరికట్టగా, నిజామాబాదు, మహబూబునగరు జిల్లాలలో మందుకల్లుకు అలవాటు పడినవారు అది దొరకక పిచ్చివారివలె ప్రవర్తించి, మూర్ఛలు వచ్చి ఆసుపత్రుల పాలైరి, ప్రాణములును పోయినవి. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. మొదటిది మందు దొరకకపోవుటవలన, రెండవది త్రాగుటవలన. ఈ రెండు దారులలో ఏదియు మన యిండ్లవారికి వలదు.

అందుచేత ఒక ముఖ్య విషయము. మీ యింట గాని, మీ కూలీలలో గాని ఎవరైన దుకాణపు కల్లు లేనిదే చేతులు వణకుట, నిద్ర పట్టకపోవుట, లేనివి కనబడుట జరిగినచో, వారిచేత ఒక్కసారిగా మానిపింపరాదు. అది కల్లు అలవాటు కాదు, మందు అలవాటు. ఆకస్మికముగా ఆపిన మూర్ఛ వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును. సర్కారు ఆసుపత్రికి తీసికొనిపోయి, కల్లు అలవాటును దాచక చెప్పిన యెడల వైద్యులు క్రమక్రమముగా తగ్గించి మానిపింతురు. నా యెఱిగిన ఒక నాట్లకూలీని ఆమె పెద్దకొడుకు అట్లే తీసికొనిపోయెను. ఆమె కొన్ని వారములకు కుదుటపడి మరల పొలమునకు వచ్చినది. మొదట వారము ఆమెను ఇంటిలో కట్టివేసి మానిపింప జూచిరని పిమ్మట తెలిసినది. ఎంత ప్రమాదము తప్పినదో వారికి తెలియదు.

ఇక పరీక్ష విధానము. వక్కాకు, పొగాకు నమలిన నోట రుచి తెలియదు, మంచినీట పుక్కిలింపవలెను. ముందు కన్ను, పిదప ముక్కు, ఆపైని నాలుక. కొంచెము నోట నిలిపి ఉమియవలెను. చెట్టు కల్లు గిన్నెలో నిలిపిన సన్నని బుడగలు అడుగునుండి లేచుచునే యుండును. కొంతసేపటికి తెల్లని మడ్డి అడుగున దిగును. సగము గిన్నె రేపటివఱకు దాచుడు. నిజమైనది రేపటికి పులియును, ఎల్లుండికి సిరకా యగును. మా అయిదవ లొట్టిది మఱునాడును అదే తీపితో, అదే తెలుపుతో కదలక మెదలక కూర్చుండెను. అయితే కొంత చెట్టు కల్లు కలిపి చేసిన కల్తీ గూడ పులియును. స్వల్పముగా కలిపిన మందును ఏ నాలుకయు పట్టజాలదు. నాలుక కావలివాడే కాని ప్రయోగశాల కాదు. అనుమానము కలిగిన ఆబ్కారీ శాఖవారికి తెలియజేసి నమూనా తీయింపవలెను.

నాలుకకన్న మేలైన పరీక్ష ఒకటున్నది. అది లెక్క. ఒక ఊర గీతకు వచ్చిన చెట్లు నూఱున్నవనుకొందము. ముప్పది విశ్రాంతిలో నున్నవి. మిగిలిన డెబ్బది చెట్టుకు మూడు లీటర్ల చొప్పున ఇచ్చినను రెండువందల పది లీటర్లు. ఆ ఊరి దుకాణమున దినమునకు అయిదువందల లీటర్లు అమ్ముడుపోయిన, మిగిలిన రెండువందల తొంబది లీటర్లు ఏ చెట్టునుండి కారినవి? చెట్లు పాఱని నెలలలో గూడ దుకాణమున లోటు లేకున్న ఏమనుకొనవలెను? మన రైతులకు ఈ లెక్క ఎవరును నేర్పనక్కఱలేదు. ఎకరమునకు ఎన్ని బస్తాలు పండునో ఎఱిగినవాడు కల్లములో హెచ్చు బస్తాలు చూచిన వెంటనే అనుమానించును.

ఊరూర గీత పారిశ్రామిక సహకార సంఘములున్నవి. చెట్లు వారికి తెలియును, గట్లు మనవి. రెండు సంఘములవారును కూర్చుండి చెట్లకు అంకెలు వేసి పట్టిక వ్రాసికొనుట కష్టమైన పని కాదు. లొట్టి మెడకు తాటాకు ముక్క కట్టి, ఈతయా తాడా, ఏ అంకె చెట్టు, ఏ జామున దించినది అను మూడు మాటలు గంటముతో గీచినను చాలును. జపానువారి రంగుకాగితము మనకు అక్కఱలేదు. దీనివలన నిజమైన గౌడన్నకు మంచి ధర వచ్చును. నాలుగు నెలలు మోకుమీద ప్రాణము పెట్టి దించిన లొట్టి, కుండనీళ్ళలో పొడి కలిపినవాని సీసాతో ఒకే ధరకు అమ్ముడుపోవుట అన్యాయము. మత్తు వలదనువారికి, నావంటివారికి, నీరా ఉండనే యున్నది. 2023 లో హైదరాబాదు నెక్లెసు రోడ్డున నీరా అమ్ము కేఫును ప్రభుత్వమువారు తెఱచిరి. పట్టణమువారు వెల పెట్టి కొను పానీయము మన గట్టుమీద కారుచున్నది. దానికి కావలసినది సున్నపు లొట్టి, చలి, తెల్లవాఱకముందే దించు తీఱిక.

నీరా విషయమున ఒక జాగ్రత్త. గబ్బిలములు రాత్రులందు గీతపై వ్రాలి రసమును నాకును. బంగ్లాదేశమున 2001 మొదలు నీపా యను ప్రాణాంతక వ్యాధి, మన ఈతజాతి చెట్ల పచ్చిరసము మూలముగా పలుమాఱు వ్యాపించినది. అచట గీతకు వెదురు దడిని కప్పుట నేర్పిరి. మనమును గీతకును లొట్టి మూతికిని దడి గాని సన్నని గుడ్డ గాని కట్టవలెను.

రాబోవు పుష్యమాసమున చెఱువుకట్టపై మరల పరీక్ష జరుగును. ఈసారి లొట్లు నాలుగే, అన్నియు చెట్టువే. రాదలచినవారు తెల్లవాఱకముందే రావలెను, కడిగిన పింగాణి కప్పు తెచ్చుకొనవలెను, నోట పొగాకు ఉంచుకొనరాదు. మునుపు మఱ్ఱిక్రింద నిద్రించిన పెద్దాయన తాను ముందుగా వచ్చెదనని కబురు పంపెను.